బల్బుకు కన్నుకొట్టిన వదిన

ఆ వీధిలో ఆమె అందరికీ వదినే. నిజానికి ఆ పిలుపు మీద హక్కున్నది ఒక్కడికే, ప్రింటింగు బల్ల దగ్గర నిలబడే మరిదికి. కానీ పిలుపులు గాలిలాంటివి. ఒక గుమ్మం దాటి బయటికొస్తే ఎన్ని ఇళ్ళలో దూరతాయో ఎవరూ చెప్పలేరు. రంగుడబ్బాలు తెచ్చే ముసలాయన ఆమెకు తండ్రి వయసువాడు. అతను కూడా గుమ్మంలో నిలబడి "వదినా, తెల్ల రంగు ఇక్కడే దించమంటావా?" అని అడుగుతాడు.

"ఇంతమంది మరుదులా? మా అత్తగారికి తెలిస్తే ఏమైపోయేదో" అని నవ్వేది ఆమె.

రేకుల షెడ్డు. వీధి వైపు మరిది బల్ల, పెరటి వైపు భర్త వడ్రంగం బల్ల. రెంటికీ మధ్య కిటికీ లేని చిన్న గది ఉంది. ఆ గది వదినది. అన్న చట్రం కోస్తాడు, తమ్ముడు రంగు లాగుతాడు, ఆ మధ్యలో ఆమె స్క్రీన్లు చేస్తుంది. ప్లాస్టిక్ కొలత జగ్గుల మీద గీతలూ అంకెలూ ఉంటాయే, అవి అచ్చు వేయడానికి కావలసిన జాలితెరలు. నువ్వేం చేస్తావని ఎవరైనా అడిగితే ఆమెకు చెప్పడం వచ్చేది కాదు. చేతితో గాల్లో ఒక చదరం గీసి, "ఇందులోంచి రంగు పోవాల్సిన చోట పోతుంది, పోకూడని చోట ఆగుతుంది. ఆ దారి నేను చేస్తాను" అనేది. విన్నవాళ్ళకు అర్థమయ్యేది కాదు. వాళ్ళు పొద్దున్నే లేచి జగ్గుతో పాలు కొలుచుకునేవాళ్ళు.

భర్త చట్రం తెచ్చి ముందు పెట్టగానే ఆమె దాన్ని నేలమీద ఆనించి నాలుగు మూలలూ నొక్కి చూస్తుంది. ఒక మూల ఊగితే మాట్లాడకుండా వెనక్కి తోస్తుంది. ఆయన కూడా మాట్లాడకుండా తీసుకెళతాడు. వాళ్ళ కాపురంలో సగం సంభాషణ ఇలాగే నడిచింది. తర్వాత సన్నటి నైలాన్ బట్ట తడిపి, ఒక అంచు చెక్కకు పిన్నులతో కొట్టి, ఎదుటి అంచును పట్టకారుతో లాగి బిగిస్తుంది. మధ్యనుంచి మొదలుపెట్టి మూలలకు పోతుంది. బిగింపు సరిపోయిందో లేదో గోటితో మీటి తెలుసుకుంటుంది. వదులైతే బట్ట తడి గోనెసంచిలా మూలుగుతుంది. సరిపోతే ఖంగుమంటుంది. ఆ ఖంగు వినగానే పెరట్లో భర్త రంపం ఒక్క క్షణం ఆగేది. తన చట్రం నిలబడిందని ఆయనకు అప్పుడు తెలిసేది.

ఆ తర్వాత సబ్బుపొడితో కడిగి ఆరబెట్టి, గదిలోకి తీసుకెళ్ళి తలుపు మూసుకునేది. అక్కడ మందు పూత. జిగురులాంటి ఆ మందును సన్నటి రేకు తొట్టిలో పోసి, నిలబెట్టిన బట్టకు ఆనించి, కిందినుంచి పైదాకా ఒకే ఊపిరిలో లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ గీత పడుతుంది. ఆ మందుకు ఒక గుణం ఉంది. వెలుతురు తగిలితే గట్టిపడిపోతుంది. పసుపుపచ్చ వెలుతురు ఒక్కటే దాన్ని ఏమీ చెయ్యదు. ఆ రంగుకు మందు గుడ్డిది అనుకోవచ్చు. అందుకే గదిలో ఒకే ఒక పసుపు బల్బు.

పూత ఆరాక, నల్లటి గీతలూ అంకెలూ ఉన్న ఫిల్మును గాజుబల్ల మీద పరిచి, దానిమీద స్క్రీను బోర్లించి, కింద ట్యూబులైట్లు వెలిగిస్తారు. ఫిల్ములో నలుపు లేనిచోట వెలుతురు తగిలి పూత రాయిలా మారుతుంది. నలుపు అడ్డుపడిన చోట మెత్తగా మిగిలి, నీళ్ళు పొయ్యగానే కరిగిపోతుంది. చీకటి పడినచోటే దారి తెరుచుకుంటుందన్నమాట. ఇన్నేళ్ళయినా ఆమెకు ఆ ఘడియ పాతబడలేదు. కుళాయి కింద మొదటి గీత విచ్చుకునేటప్పుడు ఇప్పటికీ పెదవి కొరుక్కునేది.

వానలు మొదలయ్యాక గీతలు విచ్చుకోవడం మానేశాయి.

రోజూ కాదు. రోజూ అయితే ఏదో ఒకటి తేలిపోయేది. ఎండ కాసి పూత త్వరగా ఆరిన రోజు స్క్రీను బాగానే వచ్చేది. ముసురు పట్టి ఆరడం ఆలస్యమైన రోజు, ఎన్ని నీళ్ళు కొట్టినా సన్న గీతలు మూసుకునే ఉండేవి. బ్రష్షు పెట్టి తోమితే అసలు ఉండాల్సిన పూత కూడా ఊడొచ్చేది. ఎనిమిది అంకె కాస్తా రెండు బొబ్బలయ్యేది. మరిది ఆ స్క్రీనుతో అచ్చు వేసి, జగ్గును పైకెత్తి చూసి పక్కన పెట్టేవాడు. అలా పక్కన పెట్టిన జగ్గులు గోడవారగా పేరుకుపోయాయి.

ఆమె ముందు మందు పాతదంది. కొత్త డబ్బా వచ్చింది. నీళ్ళు మారాయంది. పక్కింటి నుంచి మోసి తెచ్చుకున్నారు. ఆఖరికి మరిది మీద పడింది.

"నేను పూత వేస్తుంటే నువ్వే తలుపు తీస్తున్నావు."

"తలుపు దగ్గరికే రాలేదు వదినా."

"మరి అదే తెరుచుకుందా? దానికి కాళ్ళొచ్చాయా?"

"దానికి కాళ్ళొచ్చాయో లేదో గానీ, నాకు మాత్రం ఈ ఇంట్లో మాట పోయింది" అని అతను చేతిలో గుడ్డ బల్లమీద కొట్టి బయటికి పోయాడు. మర్నాటి నుంచి ఆ గది ముందునుంచి నడవాల్సి వస్తే పెద్దగా దగ్గుతూ, రెండు చేతులూ పైకెత్తి నడిచేవాడు. అది చూసి ఆమెకు నవ్వు వచ్చేది. ఆ వెంటనే కోపం వచ్చేది, నవ్వు వచ్చినందుకు.

అదే రోజుల్లో ఆమెకు చూపు మరీ తగ్గింది. గుమ్మం పక్కన బోర్లించిన బక్కెట్టును పిల్లి అనుకుని అదిలించింది. సూదిలో దారం ఎక్కించడానికి భర్తను పిలవసాగింది. బక్కెట్టు సంగతి షెడ్డంతా పాకింది. స్క్రీన్లు పాడవడమూ కళ్ళు మసకబారడమూ అందరి బుర్రల్లో ఒకే ముడిలో పడ్డాయి, ఆమె బుర్రలో కూడా. డాక్టరు చూసి, శుక్లాలు బాగా ముదిరాయనీ, ముందు కుడికన్నుకు ఆపరేషన్ చేసి కొన్నాళ్ళాగి ఎడమకన్నుకు చేస్తాననీ చెప్పాడు.

ఆ సాయంత్రం మరిది వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు. గోళ్ళ సందుల్లో రంగు గీక్కున్నాడు.

"ఎదురు వీధిలో స్క్రీన్లు చేసిచ్చేవాళ్ళున్నారు వదినా. జగ్గుల కంపెనీ వాళ్ళు ఊరుకోవట్లేదు. ఈలోపు వాళ్ళ దగ్గర తెప్పిస్తాను. నువ్వు విశ్రాంతి తీసుకో."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆమెకు బాధ కలిగించింది అదే. తప్పు ఉంటే పోట్లాడేది.

"విశ్రాంతి తీసుకున్నాక?" అంది.

"తీసుకున్నాక చూద్దాం."

"చూసేదేముందయ్యా. కన్ను బాగయ్యాక ఒక స్క్రీను చేస్తాను. అది సరిగ్గా రాలేదనుకో, ఆ గదిలో నీ అట్టపెట్టెలు పెట్టుకో. నువ్వు అడగక్కర్లేదు, నేనే తాళం తెచ్చిస్తాను."

పౌరుషానికి అనేసింది గానీ ఆ మాట ఆసుపత్రి మంచం దాకా వెంట వచ్చింది. కత్తికి ఆమె భయపడలేదు. కన్ను బాగై కూడా స్క్రీను రాకపోతే ఎలా అన్నదే భయం. ఇన్నాళ్ళూ చూపు మీద తోసెయ్యడానికి వీలైంది. రేపు ఆ సాకు కూడా ఉండదు. ఇక మిగిలేది చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యే పోయిందని తేలితే, తన బతుకులో తనకంటూ ఉన్న ఆ కిటికీలేని చదరం కూడా అట్టపెట్టెల కిందికి పోతుంది.

కట్టు విప్పిన రోజు లోకాన్ని ఎవరో కడిగి ఆరేసినట్టుంది. గోడ తెల్లగా ఉంది. ఆకాశం అంత నీలంగా ఉంటుందన్న సంగతే మర్చిపోయింది. కుర్చీలో కునుకుతున్న భర్తను చూసి, "ఈ నీలం చొక్కా ఎప్పుడు కొన్నారు?" అని అడిగింది.

ఆయన ఉలిక్కిపడి తన చొక్కాను తానే చూసుకున్నాడు. "పోయినేడు. నువ్వే కొన్నావు."

"నేను బూడిదరంగుది కదా కొన్నాను."

"నువ్వు బూడిదరంగంటే నేనూ బూడిదరంగే అనుకుంటున్నాను" అన్నాడాయన శాంతంగా.

డాక్టరు పనికి వెళ్ళొచ్చు అన్న రోజున ఆమె షెడ్డుకు వచ్చింది. కంట్లోకి నీళ్ళు చిందకూడదని మాత్రం గట్టిగా చెప్పాడు. మరిది దగ్గలేదు, చేతులెత్తలేదు. "రా వదినా" అని పక్కకు తప్పుకున్నాడు. గది తలుపు తీసేసరికి ఒక గోడవారగా అప్పుడే కొన్ని అట్టపెట్టెలు చేరి ఉన్నాయి. ఆమె వాటిని చూసీ చూడనట్టు లోపలికి వెళ్ళి, తలుపు మూసి, లైటు వేసింది.

గది తెల్లగా ఉంది.

పట్టపగలంత తెలుపు కాదు. పడగ్గదుల్లో వేసుకునే బల్బుల మెత్తని తెలుపు, వెన్న కలిపినట్టుండే తెలుపు. తన గదిలో ఉండాల్సిన రంగు మాత్రం కాదు. అట్టపెట్టెలు సర్దుకోవడానికి వీలుగా ఎవరో బల్బు మార్చేశారు. ఇంకా పరీక్ష కాకముందే తీర్పు రాసేశారన్నమాట. అరవడానికి నోరు తెరిచి, ఎందుకో ఆగింది. కుడికన్ను దురదపెడితే చెయ్యి పెట్టకూడదన్నారు కాబట్టి ఒక్కసారి గట్టిగా మూసుకుంది.

గది పసుపుపచ్చగా అయిపోయింది. ఎప్పటి గదే, ఆమెకు తెలిసిన గది.

కుడికన్ను తెరిచి ఎడమకన్ను మూసింది. తెలుపు. మళ్ళీ కుడికన్ను మూసింది. పసుపుపచ్చ. తెలుపు. పసుపు. ఒకే బల్బు, ఒకే తీగకు వేలాడుతూ, కంటికో రంగు చెబుతోంది. ఆమె తల పైకెత్తి అలాగే నిలబడి ఒక కన్ను మార్చి ఒక కన్ను మూస్తూ ఉండిపోయింది. ఇంతసేపైనా అలికిడి లేదేమని మరిది తలుపు కొద్దిగా తోసి తల దూర్చాడు.

"ఏంటి వదినా, బల్బుకి కన్నుకొడుతున్నావు?"

"ఇలా రా. ఇది ఏం రంగు?"

"పసుపు."

"సరిగ్గా చూడు."

అతను చూశాడు. బయటికి వెళ్ళి, తన బల్ల మీద ఎప్పుడూ ఉండే పసుపు రంగు డబ్బా మూత తెచ్చి బల్బు పక్కన పట్టుకున్నాడు. కాసేపటికి మూత దించి, "పసుపు అంటే... దుకాణంలో దీన్నే పసుపు అంటారు" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఎవరు మార్చారు దీన్ని?"

"నువ్వే వదినా. వానలకు ముందు పాతది మాడిపోతే నువ్వే వెళ్ళి తెచ్చావు. నన్ను పంపమంటే నీకు తెలీదన్నావు."

అప్పుడు ఆమెకు ఆ దుకాణం గుర్తొచ్చింది. "పసుపు లైటివ్వు బాబూ" అంది తను. "తెలుపా పసుపా అంటే పసుపే కదమ్మా" అని దుకాణంవాడు డబ్బాలోంచి తీసి వెలిగించి చూపించాడు కూడా. అతనిది అబద్ధం కాదు. అతని లోకంలో బల్బులు రెండు రకాలు, చల్లటి తెలుపూ వెచ్చటి తెలుపూ. ఆ రెండోదానికి వాళ్ళు పెట్టుకున్న పేరు పసుపు. తను కళ్ళు చికిలించి మరీ చూసింది. పొర కమ్మిన కంటికి అది పాత బల్బు రంగులోనే మెరిసింది. తన కళ్ళే పసుపురంగు అద్దాలైనప్పుడు లోకంలో పసుపు కానిదేముంటుంది?

"కత్తెర ఏది?" అంది.

ఎందుకని అతను అడగలేదు. ఆమె బల్బు ఆర్పేసి, ఆ చీకట్లోనే ఒక చిన్న స్క్రీనుకు పూత వేసి, ఫ్యాను కింద ఆరనిచ్చింది. ఆరాక దాన్ని బల్లమీద పరిచి, మధ్యలో కత్తెర పెట్టి, బల్బు వేసి, ఇద్దరూ బయటికొచ్చి టీ తాగి, ముసురు రోజున పూత ఆరేంతసేపు దాన్ని అలాగే వదిలేశారు. గాజుబల్ల లేదు, ఫిల్ము లేదు, ట్యూబులైట్లు లేవు. ఉన్నదల్లా ఆ అమాయకపు బల్బు. తర్వాత స్క్రీను తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టమని మరిదికి ఇచ్చింది. నీళ్ళు పడగానే కత్తెర ఆకారం మెల్లగా కరిగి తెరుచుకుంది. రెండు ఉంగరాలు, రెండు ఆకులు. చుట్టూ మిగిలిన పూతంతా గట్టిగా నిలబడి ఉంది. బల్బుకు వెలుతురు తక్కువైతే ఏం, ముసురు రోజుల్లో పూత ఆరేదాకా దానికి కావలసినంత తీరిక దొరికింది.

మరిది ఆ కత్తెర కన్నంలోంచి ఆమెను చూశాడు. స్క్రీను పక్కన పెట్టి, రంగుల అలమర వెనక్కి వెళ్ళాడు. గోడకూ అలమరకూ మధ్య ఇరుకులోంచి, పాతగుడ్డ కప్పిన స్క్రీన్లు కొన్ని లాగి ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. అన్నిటి మీదా గీతలు మూసుకుపోయి ఉన్నాయి. ఒకదాంట్లో ఎనిమిది రెండు బొబ్బలైంది.

"ఇవి నావి కావే" అంది ఆమె.

"నావి. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఎదురు వీధివాళ్ళు ఆలస్యం చేశారు. నేనే చేద్దామని కూర్చున్నాను."

"మరి చెప్పలేదేం?"

"ఏమని చెప్పమంటావు? వదినకి కన్ను బాగోక స్క్రీన్లు పోతున్నాయని ఊరంతా చెప్పింది నేను. నా రెండు కళ్ళూ బాగానే ఉన్నాయి కదా, మరి నీకెందుకు రాలేదురా అని అడిగితే?" తల గీక్కున్నాడు. "ఇక నాకీ పని పట్టుబడదులే, వదిన చేతిలో ఏదో ఉంది అనుకున్నాను."

"నేనేమో నా చేతిలో ఉన్నది పోయిందనుకున్నాను."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆమె నవ్వింది. కట్టు విప్పిన కన్ను అదురుతుందేమోనని అరచేత్తో గాల్లోనే కాపు కాస్తూ, పొట్ట పట్టుకుని నవ్వింది. ఇన్ని నెలలుగా భుజాల మీద కూర్చున్న బరువు దిగి, ఆ అట్టపెట్టెల మధ్యే ఎక్కడో చతికిలబడినట్టుంది. పెరట్లో రంపం ఆగింది. భర్త వచ్చి గుమ్మంలో నిలబడి, కత్తెర స్క్రీనునూ నవ్వుతున్న ఇద్దరినీ చూసి, ఏమైందని కూడా అడక్కుండా తనూ కాస్త నవ్వి వెళ్ళిపోయాడు.

"తలుపు నువ్వు తియ్యలేదు" అంది ఆమె నవ్వు ఆగాక.

"అదే కదా మొత్తుకున్నాను."

"నేను నిన్ను అనకూడని మాటలన్నాను."

"నువ్వంత మాటేమీ అనలేదు. ఇంట్లో మాట పోయిందని నేనే అనుకున్నాను. పోనీలే, దొరికింది."

"ఇక ఆ దగ్గు మానెయ్యి."

"అలవాటైపోయింది వదినా. మొన్న మా ఇంట్లో కూడా దగ్గి లోపలికెళ్ళాను. మా ఆవిడ దగ్గుమందు తాగించింది."

ఆ రోజే జగ్గు స్క్రీను మొదలుపెట్టింది. సరైన పసుపు బల్బు తెచ్చేదాకా ఆగుదామని మరిది అన్నాడు. ఆమె వినలేదు. గదిలో బల్బు ఆర్పేసి, తలుపు కింది సందులో గుడ్డ దూర్చి, చీకట్లో నిలబడింది. చట్రం ఎక్కడుందో ఎడమచేతికి తెలుసు, తొట్టి ఎంత వంచాలో కుడిచేతికి తెలుసు. ఊపిరి బిగబట్టి కిందినుంచి పైకి లాగింది. మందు బట్టను తాకి నిశ్శబ్దంగా ఎక్కింది, నిద్రపోయే పిల్ల మీద దుప్పటి లాగినట్టు. పై అంచుకు చేరాక ఊపిరి వదిలింది. తన శ్వాస తనకే కొత్తగా వినిపించింది.

ఆరాక, ఫిల్ము మీద బోర్లించి, లైట్ల పని అయ్యాక కడగడం వంతు వచ్చింది. నీళ్ళు చిందుతాయి కాబట్టి ఆమె దూరంగా పీట మీద కూర్చుంది. గొట్టం మరిది పట్టుకున్నాడు. ఈసారి చేతిలో జగ్గుల గీతలున్నాయి. గెలుపూ ఓటమీ అందులోనే ఉన్నాయని అతనికీ తెలుసు. గొట్టం స్క్రీనుకు మరీ దగ్గరగా పెట్టాడు.

"అంత దగ్గరగా కాదు. ముందు రెండు వైపులా తడుపు. కాసేపు నాననీ. ఇప్పుడు మెల్లగా. పసిపిల్లకు పోసినట్టు పొయ్యాలి, మంటలు ఆర్పినట్టు కాదు."

అతను పోశాడు. కాసేపు ఏమీ జరగలేదు. షెడ్డులో నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. పెరట్లో ఎప్పటినుంచో రంపం కదలడం లేదని ఆమె గమనించింది.

"వదినా" అన్నాడు మరిది. "వస్తున్నాయి."

అన్నిటికంటే కింది గీత ముందు విచ్చుకుంది. తర్వాత దానిపైది, తర్వాత దానిపైది. వెంట్రుకంత సన్నవి కూడా ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి. ఎనిమిది ఎనిమిదిలా నిలబడింది. బ్రష్షు అవసరమే రాలేదు. భర్త వచ్చి స్క్రీను అందుకుని, నీళ్ళు దులిపి, వీధి గుమ్మంలో ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. ఆమె లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. ఆకాశం ఆ గీతల్లోంచి నీలం దారాల్లా దిగుతోంది. ఎడమకన్ను మూసుకుని, కుడికంటితో పూతంతా ఒక అంచునుంచి ఇంకో అంచుదాకా మెల్లగా వెతికింది. పూతలో ఎక్కడైనా దుమ్ము పడినచోట సూదిమొన చిల్లు మిగిలిపోతుంది. అచ్చులో అది చుక్కవుతుంది. ఏడాదిగా ఆ చిల్లులు ఆమెకు కనిపించలేదు. కనిపించినట్టు నటించింది.

"ఇదిగో" అంది. వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ చిల్లుంది."

మరిది వంగి చూశాడు. "ఎక్కడ?"

"ఇక్కడయ్యా. ఆరు అంకె తోక పక్కన."

"నాకేం కనపడట్లేదు."

భర్త కూడా చూశాడు. ఆయనకూ కనపడలేదు.

"వచ్చే నెల నా ఎడమకన్నుకు వెళతాం కదా, అప్పుడు నువ్వూ రా" అంది ఆమె మరిదితో. "ఇద్దరికీ కలిపి చేయించేద్దాం."

అతను మూలుగుతూ వెళ్ళి అట్టపెట్టెలు ఒక్కొక్కటే గదిలోంచి బయటికి మోయడం మొదలుపెట్టాడు. ఆమె సన్న కుంచె మందులో ముంచి, ఎండలో నిలబడి, ఎవరికీ కనిపించని ఆ చిల్లును మూసింది.